రొయ్యకు దొరికిన విదేశీ దారి కొల్లేటి బిడ్డకేది?

ఇంజనీరింగ్, ఫార్మసీ కళాశాలల నోటీసు బోర్డుల మీద కొన్నేళ్లుగా ఒక తరహా ప్రకటన తరచుగా కనిపిస్తోంది. ఆరోగ్య రంగానికి పనికొచ్చే కొత్త పరికరమో, పరీక్షా విధానమో మీ దగ్గర ఉంటే పోటీకి రండి. నెగ్గినవారికి శిక్షణ ఇస్తాం, పెట్టుబడిదారులను పరిచయం చేస్తాం, విదేశీ మార్కెట్‌కు దారి చూపుతాం అన్నది దాని సారాంశం. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల్లో చదివే పిల్లలూ ఆ ప్రకటనల ముందు ఆగుతారు. కొందరు దరఖాస్తు చేస్తారు. ఎక్కువమంది చదివి ఊరుకుంటారు. అలా ఊరుకున్నవాళ్లు ఎవరు, ఎందుకు ఊరుకున్నారు అన్న ప్రశ్న మాత్రం ఏ విజయోత్సవ సభలోనూ వినిపించదు.

ఇలాంటి పోటీల దరఖాస్తులో సాధారణంగా కులం గడి ఉండదు. గడి లేదు కనుక కులమూ లేదని నిర్వాహకులు నమ్ముతారు. అసలు చిక్కు ఆ నమ్మకంలోనే ఉంది. చదువులో, ఉద్యోగంలో కులం లెక్క రాసుకుంటున్నాం కనుక అక్కడ అన్యాయం జరిగితే పట్టుకోగలుగుతున్నాం. ఆవిష్కరణల రంగంలో ఆ లెక్కే లేదు. ప్రజాధనంతో నడిచే ఈ పోటీలు ఎవరిని విదేశాలకు పంపుతున్నాయో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నాయో అడిగే హక్కు దళిత బహుజన సమాజానికి ఉంది. ఆ ప్రశ్నను కొల్లేటి గట్టు మీద నిలబడి అడగడానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి.

పోటీ వేదిక ఎవరిది?

మన దేశంలో ఈ తరహా పోటీల్లో పేరున్నది ఇండియా ఇన్నోవేషన్ గ్రోత్ ప్రోగ్రామ్. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, అమెరికా ఆయుధ సంస్థ లాక్‌హీడ్ మార్టిన్ కలిసి 2007లో దీన్ని మొదలుపెట్టాయి. భారతీయ ఆవిష్కర్తల సాంకేతికతను ప్రపంచ మార్కెట్‌కు చేర్చడం దాని ప్రకటిత లక్ష్యం. నిర్వహణలో పారిశ్రామికవేత్తల సమాఖ్య ఫిక్కీ ఉంది. వ్యాపార శిక్షణ టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన సంస్థది. 2017లో టాటా ట్రస్ట్స్ చేరి రెండో దశ మొదలైనప్పుడు ఐఐటీ బాంబే, అహ్మదాబాద్ ఐఐఎం ఆవరణలో పుట్టిన సీఐఐఈ భాగస్వాములయ్యాయి. ఆరోగ్య రంగం ఈ పోటీలో ఒక భాగం. 2012లో అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్, ఫిక్కీ, కేంద్ర ప్రభుత్వం కలిసి పెట్టిన మిలీనియం అలయన్స్ పేదలకు పనికొచ్చే ఆవిష్కరణలను ఎంపిక చేసి, తర్వాతి విడతల్లో వాటిని ఆఫ్రికా, ఆసియా దేశాలకు కూడా తీసుకెళ్లే ప్రయత్నం చేసింది. అదే ఏడాది ఏర్పడిన బైరాక్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, జీవసాంకేతిక రంగంలో మొలకదశలో ఉన్న ఆలోచనకు 50 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తోంది.

ఈ పేర్లను మరోసారి చూడండి. ఫిక్కీ, ఐఐటీ, ఐఐఎం, టెక్సాస్ విశ్వవిద్యాలయం. ఆవిష్కర్త ప్రతిభను తూచే తక్కెడ ఉన్న చోట్లు ఇవి. ఆ తక్కెడ పట్టుకునే వర్గం కుల స్వభావం ఏమిటో తెలుసుకోవడానికి ఊహాగానాలు అక్కర్లేదు. దేశంలోని వెయ్యి అగ్రశ్రేణి కంపెనీల డైరెక్టర్ల కులాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2012లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. డైరెక్టర్లలో దాదాపు 93 శాతం అగ్రకులాలవారే. ఎస్సీ, ఎస్టీలు కలిసి 3.5 శాతం, ఓబీసీలు 3.8 శాతం. పోటీల న్యాయనిర్ణేతలు, మార్గదర్శకులు, పెట్టుబడిదారులు ఎక్కువగా వచ్చేది ఈ ప్రపంచం నుంచే. వాళ్లు కావాలని ఎవరినో తొక్కేస్తున్నారని ఆరోపించడం లేదు. తమకు పరిచయమైన భాషలో, తమకు తెలిసిన సమస్య గురించి మాట్లాడేవాడే వాళ్లకు ప్రతిభావంతుడిగా కనిపిస్తాడు. మొత్తం వ్యవస్థ అలా కనిపించేలా చేయడానికి ఎవరి దురుద్దేశమూ అవసరం లేదు.

రిజర్వేషన్ ఆగిపోయే గుమ్మం

ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. కొల్లేటి లంకల్లోని ఒక వడ్డి కుటుంబం నుంచో, గట్టు మీది దళితవాడ నుంచో వచ్చింది. 2015లో తాడేపల్లిగూడెంలో ఏర్పడిన నిట్‌లో చదువుతోంది. రిజర్వేషన్ ఉంది కాబట్టి ఆ గేటు దాటింది. తాగే నీటిలో పురుగుమందుల అవశేషాలనూ సీసం వంటి భారలోహాలనూ తక్కువ ఖర్చుతో, ఊళ్లోనే పసిగట్టే చిన్న పరీక్ష పరికరం తయారుచేయాలని ఆమె ఆలోచన. చిన్నప్పటి నుంచి చుట్టూ చెరువులుండి, తాగడానికి టిన్ను నీళ్లు కొనుక్కున్న ఇల్లు ఆమెది. అందుకే ఆ ఆలోచన వచ్చింది.

ఇక్కడి నుంచి ఆమె ఎక్కాల్సిన మెట్లు చూడండి. పోటీలో నిలవాలంటే మొదట పనిచేసే నమూనా కావాలి. గ్రాంటు కోసం సొంతంగా దరఖాస్తు చేయాలంటే ఏదో ఒక ఇంక్యుబేటర్‌తో అనుబంధం ఉండాలి. గ్రాంటు సైతం ఒకేసారి రాదు, దశలవారీగా వస్తుంది. మనుషుల రక్తాన్ని పరీక్షించే పరికరమైతే 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కింద లైసెన్సు తీసుకోవాలి. నాణ్యతకు ఐఎస్ఓ 13485 ధ్రువీకరణ కావాలి. ఐరోపాలో అమ్మాలంటే సీఈ ముద్ర ఉండాలి. 2021 మే 26 నుంచి అక్కడ నిబంధనలు మునుపటికన్నా కఠినమయ్యాయి. అమెరికాలో అమ్మాలంటే ఎఫ్‌డీఏ అనుమతి కావాలి. చాలా పరికరాలు వెళ్లే 510(కె) దారిలో దరఖాస్తు రుసుమే 2024 ఆర్థిక సంవత్సరంలో 21,760 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం దాదాపు 18 లక్షల రూపాయలు. చిన్న సంస్థగా గుర్తింపు పొందితే అందులో నాలుగో వంతు. ప్రయోగశాల పరీక్షలు, కన్సల్టెంట్లు, ప్రయాణాలు వేరే.

పోటీ బహుమతి ఈ ఖర్చులో ఒక భాగాన్ని తీరుస్తుంది. తీర్చలేనిది మరొకటి ఉంది, ఎదురుచూసే కాలం. ఆలోచన నుంచి అనుమతి దాకా మూడునాలుగేళ్లు పడుతుంది. ఆ కాలమంతా జీతం లేకుండా ఉండగలిగేది ఎవరు? తండ్రికి పొలమో, ఆసుపత్రో, ఫార్మా వ్యాపారమో ఉన్నవాడు ఉంటాడు. అమెరికాలో బావమరిది ఉన్నవాడు ఉంటాడు. చదువు అప్పు తీర్చాల్సిన కొల్లేటి అమ్మాయి నాలుగో సంవత్సరం చివర్లో క్యాంపస్ ఎంపికలో వచ్చిన ఉద్యోగం పట్టుకుని హైదరాబాదు బస్సెక్కుతుంది. ఆమెను ఎవరూ తిరస్కరించలేదు. ఆమె దరఖాస్తే చేయలేదు. అందుకే ఏ లెక్కలోనూ కనిపించదు.

గణాంకాలు చెప్పేదీ ఇదే. 2015-16 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో ఎస్సీల యాజమాన్యంలో ఉన్నవి 12.45 శాతం, ఎస్టీలవి 4.10 శాతం. 2011 జనగణన నాటికి జనాభాలో ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. పైగా ఈ సర్వే లెక్కలో కిళ్లీకొట్టు, చెప్పులు కుట్టే బడ్డీ కూడా సంస్థే. పేటెంటు, ప్రయోగశాల, ఎగుమతి లైసెన్సు అవసరమయ్యే రంగానికి విడిగా లెక్క తీస్తే ఈ వాటా ఎంత మిగులుతుందో విద్యార్థులే అంచనా వేసుకోవచ్చు.

చేసిన చేయి, పొందిన పేరు

దళిత బహుజనులకు ఆవిష్కరించే అలవాటు లేదనీ, అందుకే పోటీకి రావడం లేదనీ అనేవాళ్లున్నారు. ఈ నేల చరిత్ర అందుకు పూర్తిగా వ్యతిరేకం. మంత్రసాని పనిని తరతరాలుగా మోసింది మంగలి, మాదిగ కులాల స్త్రీలే. కత్తి పట్టి కురుపు కోసి కట్టుకట్టిన నాటు శస్త్రవైద్యం క్షురకులది. తోలును పదునుచేసే రసాయన విద్య మాదిగలది. నీటి లోతును, చేప నడకను చదివిన జ్ఞానం వడ్డీలది. ఇవన్నీ జ్ఞానంగా నమోదు కాలేదు, కులవృత్తులుగా నమోదయ్యాయి.

పసుపు మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చినప్పుడు మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. మంచి పని. ఆ అనుభవంతో 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని ప్రభుత్వం మొదలుపెట్టింది. అందులోకి ప్రధానంగా ఎక్కింది ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లో రాసి ఉన్న విజ్ఞానం. అక్షరం నిషేధమైన కులాల నోటి విద్యకు అక్కడ చోటెక్కడిది? బయటి దొంగ నుంచి కాపాడుకోవాలన్న జాతీయ పట్టుదల, లోపలి సొంతదారును గుర్తించే దగ్గరికి రాలేదు.

విదేశాలకు వెళ్లిన భారతీయ ఆరోగ్య ఆవిష్కరణల్లో ప్రసిద్ధమైనది జైపూర్ పాదం. 1960ల చివర్లో రూపుదిద్దుకున్న ఆ కృత్రిమ పాదం ఎంతోమంది యుద్ధ బాధితులను, ప్రమాద బాధితులను అనేక దేశాల్లో నడిపించింది. మనిషి కింద కూర్చోవాలి, చెప్పుల్లేకుండా నడవాలి, పొలంలో దిగాలి. అందుకు తగిన పాదాన్ని రబ్బరుతో చేతులతో మలిచినవాడు పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ. దానికి వైద్యశాస్త్రపు బలం ఇచ్చినవాడు శస్త్రవైద్యుడు పి.కె.సేథీ. 1981లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నది సేథీ. డాక్టర్ కృషిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ చేత్తో పనిచేసినవాడి పేరు వెనక్కి వెళ్లి, పట్టా ఉన్నవాడి పేరు ముందుకొచ్చే ఈ తీరు మనకు కొత్తది కాదు. చేతి పనిని నీచమనీ, పుస్తకపు పనిని ఉన్నతమనీ విడగొట్టిన కులవ్యవస్థే ఆధునిక ప్రయోగశాల దాకా మనతో నడిచి వచ్చింది. రేపటి పోటీలోనూ వేదిక మీద మాట్లాడేవాడికి మార్కులు పడతాయి. నమూనాను సోల్డరింగ్ చేసినవాడికి, ఊరూరా తిరిగి రోగుల వివరాలు సేకరించిన ఆశా కార్యకర్తకు మార్కులు పడవు.

ప్రయోగానికి మన శరీరం

ఆవిష్కర్తల జాబితాలో లేని కులాలు మరో జాబితాలో మాత్రం ముందుంటాయి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా ప్రదర్శన ప్రాజెక్టు జరిగింది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం అందులో ఉన్నాయి. భద్రాచలంతో సహా మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేలమందికి టీకా వేశారు. వాళ్లలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. గుజరాత్‌లో ఇదే ప్రాజెక్టుతో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. అయితే సమ్మతి తీసుకున్న పద్ధతిని, మొత్తం ప్రాజెక్టు నడిచిన తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. స్త్రీల ప్రాణాలు కాపాడే టీకా అది. ప్రశ్న ఏమిటంటే, మార్కెట్‌కు వెళ్లే ముందు దాన్ని మోసిన శరీరాలు ఎవరివి, ఆ పిల్లల ఇంటివాళ్లు ఆ ప్రక్రియలో సంతకానికైనా నోచుకున్నారా అన్నది. రేపు మన రాష్ట్రంలో పుట్టే పరికరాన్ని సింగపూర్‌కో జర్మనీకో పంపే ముందు కూడా పైలట్ పరీక్ష జరుగుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు వరుసలో నిలబడేవాళ్ల మీదే జరుగుతుంది. వరుసలో నిలబడ్డవాళ్లకు ఆ ఉత్పత్తిలో వాటా ఉంటుందా? ఇక్కడ నెగ్గిన పరికరం ఇక్కడి ఆసుపత్రికి ఎప్పుడొస్తుంది?

రొయ్యకున్న ప్రయోగశాల

విదేశీ మార్కెట్ అంటే ఏమిటో కొల్లేరు ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2023-24లో మన దేశం 60,523 కోట్ల రూపాయల విలువైన సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. విలువలో మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యదే. అందులో పెద్ద భాగస్వామి ఆంధ్రప్రదేశ్. యాంటీబయోటిక్ అవశేషాల భయంతో ఐరోపా సమాఖ్య 2016లో మన సాగు రొయ్య సరుకులో తనిఖీ చేసే భాగాన్ని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. దానికి తగ్గట్టు మనవాళ్లూ కదిలారు. చెరువులో పట్టుబడికి ముందే రొయ్య నమూనాను ఎలిసా పరీక్షకు పంపే ఏర్పాటు ఈ డెల్టాలో ఉంది. ప్రభుత్వం, రైతు, ఎగుమతిదారు కలిసి ఒక చిన్న ప్రాణి శరీరంలో ఏముందో తెలుసుకునే యంత్రాంగాన్ని నిలబెట్టగలిగారు.

ఇప్పుడు 2020 డిసెంబరు మొదటి వారాన్ని గుర్తుచేసుకుందాం. ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు చనిపోయారు. రక్త నమూనాలు ఢిల్లీకీ హైదరాబాదుకీ వెళ్లాయి. ఢిల్లీ ఎయిమ్స్ కొన్ని నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పింది. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు ప్రభుత్వానికి నివేదించారు. ఆ విషం నీటి ద్వారా వచ్చిందా, కూరగాయల ద్వారా వచ్చిందా, మరో దారిలో వచ్చిందా అన్నది జనానికి తృప్తికరంగా తేలలేదు. రొయ్య శరీరంలోని అవశేషాన్ని పట్టుబడికి ముందే పట్టుకునే పరీక్ష డెల్టాలో ఉంది. మనిషి శరీరంలోని అవశేషాన్ని తెలుసుకోవడానికి రెండు రాష్ట్రాలు దాటాల్సి వచ్చింది. రొయ్య వెనుక డాలర్ ఉంది, మనిషి వెనుక లేదు.

అదే రొయ్యను మంచు నీళ్లలో గంటలకొద్దీ నిలబడి వలిచే స్త్రీల చేతివేళ్లు చూడండి. చర్మం ఊడిన ఆ వేళ్లకు ఏ పరీక్షా లేదు. ఆ షెడ్లలో పనిచేసేది ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల స్త్రీలే. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర నల్లంవారితోటలోని ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేస్తూ విషవాయువుకు ఐదుగురు కార్మికులు బలయ్యారు. దిగే ముందు గాలిని పరీక్షించి హెచ్చరించే పరికరం ఆ ఐదుగురికీ అవసరమైంది. అలాంటివి ప్రపంచంలో ఎప్పటినుంచో ఉన్నాయి. విదేశీ కొనుగోలుదారు అడగలేదు కనుక ఆ ట్యాంకు అంచుకు రాలేదు.

యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 80 కోట్లమంది పిల్లల రక్తంలో ప్రమాదకర స్థాయిలో సీసం ఉంది. వాళ్లలో 27.5 కోట్లమంది భారతదేశంలోనే ఉన్నారు. ఏలూరుకు కావలసిన చవక పరీక్ష పరికరం ఆఫ్రికాకూ కావాలి, దక్షిణాసియాకూ కావాలి. విదేశీ మార్కెట్ అనే మాటకు న్యూయార్క్ ఒక్కటే అర్థం కాదు. పేద దేశాల ప్రజారోగ్య వ్యవస్థలే పెద్ద మార్కెట్. ఆ మార్కెట్‌కు ఏం కావాలో బాగా తెలిసినవాళ్లు అలాంటి బతుకు బతికినవాళ్లే. వాళ్లు వేదిక మీద లేకపోతే నష్టం వాళ్లకే కాదు, పోటీకీ నష్టమే.

పథకాలున్నాయి, కొల్లేటి పాఠం కూడా ఉంది

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. 2015లో ఎస్సీల కోసం వెంచర్ క్యాపిటల్ నిధి ఏర్పడింది. 2016లో స్టాండప్ ఇండియా కింద 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణం వచ్చే ఏర్పాటు జరిగింది. అదే ఏడాది మొదలైన జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ విదేశీ వాణిజ్య ప్రదర్శనలకు వెళ్లడానికీ సహాయం చేస్తుంది. కేంద్ర ప్రభుత్వరంగ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ చిన్న సంస్థల నుంచి కొనాలన్న నియమం ఉంది. వాస్తవంలో కొనుగోళ్లు ఆ లక్ష్యానికి ఎంతో దూరంలో ఉండిపోయాయి. 2020 సెప్టెంబరు 30న అంబేడ్కర్ సామాజిక ఆవిష్కరణ, ఇంక్యుబేషన్ మిషన్‌ను ప్రకటించారు. ఎంపికైన ఎస్సీ యువ ఆవిష్కర్తకు మూడేళ్లలో 30 లక్షలు, నాలుగేళ్లలో వెయ్యిమందిని గుర్తించడం లక్ష్యం.

అయితే ఇవన్నీ విడి గదులు. ఆరోగ్య ఆవిష్కరణల ప్రధాన మందిరం వేరే ఉంది. విశాఖపట్నంలో 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్, పెద్ద ఆసుపత్రుల పరిశోధన విభాగాలు, బైరాక్ ఇంక్యుబేటర్లు, విదేశీ పోటీలు ఆ మందిరంలో ఉన్నాయి. 2025లో మంగళగిరి కేంద్రంగా మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు రాజమహేంద్రవరం, విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలలో శాఖలు పెట్టారు. ఇంజనీరింగ్ కళాశాలలూ, 2023లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాలా ఉన్న ఏలూరుకు గానీ, నిట్ ఉన్న తాడేపల్లిగూడెంకు గానీ ఆ జాబితాలో చోటు దక్కలేదు.

కేవలం పేరుకు వాటా ఇస్తే ఏమవుతుందో కొల్లేరు ఇదివరకే చూపించింది. 1970ల రెండో సగంలో ప్రభుత్వం వడ్డి, దళిత కుటుంబాలతో మత్స్య సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. కాగితం మీద యజమానులు వాళ్లే. పెట్టుబడి, మేత, మార్కెట్ వాళ్ల చేతుల్లో లేవు. క్రమంగా చెరువులు లీజుల పేరుతో బయటి ఆధిపత్య కులాల ఆసాముల చేతుల్లోకి వెళ్లాయి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం ప్రకటించాక, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టినప్పుడు లీజుదారు లాభాలతో వేరే చోటికి తరలగలిగాడు, సంఘ సభ్యుడు ఒడ్డున మిగిలాడు. రేపు స్టార్టప్‌లలో ఎస్సీ, బీసీ వాటా అనగానే దళితుడి పేరున కంపెనీ పెట్టి, వాటాలూ పేటెంటూ మరొకరి దగ్గర ఉంచుకునే బినామీ పద్ధతి రాదన్న హామీ ఏమిటి? కనుక అడగాల్సింది పేరు కాదు; పెట్టుబడి మీద, పేటెంటు మీద, మార్కెట్ దారి మీద హక్కు.

ప్రతిభ అన్న పాత మాట

వాటా అడగగానే ప్రతిభ దెబ్బతింటుందంటారు. ప్రతిభ లేదన్న మాట ఒకప్పుడు భారతీయులందరికీ వినిపించినదే. హెపటైటిస్-బి టీకా సాంకేతికత కోసం విదేశాలకు వెళ్లిన ఇంజనీరు వరప్రసాద్ రెడ్డికి, మీ దేశానికి ఇది కొనే శక్తీ లేదు, అర్థం చేసుకునే శక్తీ లేదన్న తీరులో జవాబు ఎదురైందని ఆయనే అనేకసార్లు చెప్పుకున్నారు. ఆయన స్థాపించిన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ టీకాను తయారుచేసింది. వందల రూపాయలున్న ధర పదుల్లోకి దిగింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇవ్వడంతో యూనిసెఫ్ ద్వారా అది ఎన్నో దేశాలకు చేరింది.

తెలుగువారు గర్వపడే ఈ విజయాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆ సంస్థ తొలి పరిశోధన సాగింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, సీసీఎంబీ ప్రాంగణంలో. అంటే ప్రజల ప్రయోగశాలల్లో. కేంద్ర సాంకేతికాభివృద్ధి మండలి రుణం తోడైంది. విదేశీ పెట్టుబడి ఒమన్ నుంచి వచ్చింది. ప్రతిభ ఉంది, దానికి చోటిచ్చిన ప్రభుత్వ వ్యవస్థ ఉంది, నమ్మి డబ్బు పెట్టిన మనిషి ఉన్నాడు. ఈ మూడూ కలిస్తేనే టీకా పుట్టింది. ఆధిపత్య కులాల ఆవిష్కర్తకు ఈ తోడ్పాటు దొరికితే దాన్ని ప్రోత్సాహం అంటాం. దళిత ఆవిష్కర్తకు అదే ఇమ్మంటే రాయితీ అంటాం. పేరు మార్చినంత మాత్రాన అవసరం మారదు.

ఏం అడగాలి?

మొదటిది, లెక్క. ప్రజాధనం ఒక్క రూపాయి చేరిన ప్రతి ఆవిష్కరణల పోటీ, ప్రతి ఇంక్యుబేటర్ తన దరఖాస్తుదారుల, విజేతల, న్యాయనిర్ణేతల సామాజిక వివరాలను ఏటా ప్రకటించాలి. ఎస్సీలను ఒకే ముద్దగా చూపితే చాలదు. 2025లో రాష్ట్రం వర్గీకరణను అమలులోకి తెచ్చింది కనుక రెల్లి, మాదిగ, మాల వర్గాల లెక్క విడివిడిగా రావాలి. పారిశుధ్య పని మోసే రెల్లి కులస్తుల నుంచి ఒక్క ఆరోగ్య ఆవిష్కర్త కూడా వేదిక ఎక్కకపోతే అది కనీసం కాగితం మీదైనా కనిపించాలి.

రెండోది, ప్రధాన మందిరంలోనే చోటు. నిట్‌లో, ప్రభుత్వ వైద్య కళాశాలల్లో, మెడ్‌టెక్ జోన్‌లో ఇంక్యుబేషన్ స్థానాలకు రిజర్వేషన్ వర్తించాలి. చదువు గేటు దగ్గర రాజ్యాంగం ఉంటే, ప్రయోగశాల గేటు దగ్గర కూడా ఉండాలి.

మూడోది, ఎదురుచూసే కాలానికి భృతి. మొదటి తరం ఆవిష్కర్తకు బహుమతి కన్నా ముందు రెండు మూడేళ్ల జీవన వేతనం, పేటెంటు, అనుమతుల రుసుము పూర్తిగా ప్రభుత్వమే భరించడం అవసరం. రుణమిస్తే సరిపోదు. ఓడిపోయే అవకాశం ఉన్న పనికి అప్పు తీసుకునే ధైర్యం పేదింటికి ఉండదు, ఉండాలని అడగకూడదు.

నాలుగోది, బినామీకి తలుపు మూయడం. రిజర్వుడు గ్రాంటుతో పుట్టిన పేటెంటు, వాటాల్లో మెజారిటీ నిర్ణీత కాలం దాకా ఆ ఆవిష్కర్త చేతిలోనే ఉండాలన్న షరతు కావాలి. కొల్లేటి సహకార సంఘాలకు ఆ షరతు గట్టిగా లేకపోవడం వల్లే చెరువులు చేతులు మారాయి.

ఐదోది, ఇంటి అప్పు. ఏ ఊరి జనం మీద ఉత్పత్తిని పరీక్షించారో, ఆ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి దాన్ని నామమాత్రపు ధరకు ఇచ్చిన తర్వాతే ఎగుమతి ప్రోత్సాహకం అందాలి. ఏలూరులో పుట్టిన పరీక్ష పరికరం ముందు ఏలూరు పెద్దాసుపత్రిలో పనిచేయాలి.

విద్యార్థి సంఘాలకు ఇందులో వెంటనే చేయదగ్గ పని ఉంది. మీ కళాశాలలోని ఇంక్యుబేటర్‌లో గత ఐదేళ్లలో ఎవరికి ఎంత ఇచ్చారో, వాళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులు ఎందరో సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబు వచ్చినా, ఆ వివరాలు మా దగ్గర లేవన్నా, రెండూ సాక్ష్యాలే. ఆ సాక్ష్యంతో తర్వాతి పోటీ ప్రకటన వచ్చేలోగా ప్రశ్న అడగాలి. హైదరాబాదు బస్సెక్కే ముందు ఆ కొల్లేటి అమ్మాయికి కనీసం దరఖాస్తు చేసే సమయమైనా దొరకాలి.